శాలేము చూసొచ్చిన సముద్రం

ఎవరెవరి సంగతో అడగతారు, శాలేము రాజు సంగతి ఒక్కరైనా అడిగినారా? నోళ్లు పడిపోయినాయా మీకు? మదనపల్లె వీధుల్లో సైకిలు మీద ఎండుచేపలు అమ్మేవాడు. కొనే ముందు చేపను విరిచి, నాలుక మీద పెట్టుకుని ఉప్పు చూసేవాడు. వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉండేది. కాళ్లు పడిపోయి మంచం పట్టిన పెళ్లాం ఫ్లోరమ్మ ఒకనాడు, "నువ్వు అమ్మే సేపలు పుట్టిన సముద్రాన్ని కండ్లారా సూసొచ్చి నాకు సెప్పయ్యా" అని అడిగింది. ఆ మాట పట్టుకుని, టమోటా లారీలో సైకిలు వేసుకుని నెల్లూరు పక్కకు పోయాడు. పొద్దున్నే అంగట్లో చేపలు కొని, మూటలు వెనక కట్టుకుని తీరం వెంట తొక్కాడు. ఇసకలో చక్రం దిగబడితే దిగి తోశాడు. అలిసిపోయి కూర్చుంటే కాకులొచ్చి మూటల మీద పడ్డాయి. వాటిని తోలుతూ సాయంత్రం దాకా సముద్రానికి వీపు పెట్టే కూర్చున్నాడు. లారీ వచ్చే వేళకు గబగబా పోయి ఒక చెయ్యి నీళ్లలో ముంచుకొచ్చాడు.

"ఎట్లుండాదయ్యా?" అంది ఫ్లోరమ్మ.

వాడు అరచెయ్యి ఆమె నోటి ముందు పెట్టాడు. "నాకి సూడు."

ఆమె నాకింది. "ఇది దినామూ నీ సేతికి ఉండేదే గదయ్యా!"

"అదీ ఇంతే మే. ఇంగ అడగొద్దు, కాళ్లు పీకతాండాయి."

కన్నుమూసేనాటికి వాడికి యాభై ఎనిమిదేళ్లు.