నేను వేసిన ట్యూబ్‌లైటు

విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా ప్రయోగానికి ద్రవ హీలియం కావాలి. అది అయిపోతే మళ్లీ నెలల తరబడి ఎదురుచూపే. అది వచ్చిన రోజు ఉక్కునగరంలో బస్సెక్కినప్పటి నుంచే నాకు కాలు ఒకచోట నిలవలేదు.

ల్యాబ్ కిటికీలకు నల్లగుడ్డలు కట్టి గదిని చీకటి చేశాం. విపరీతమైన చలిలో రాపిడి లేకుండా పారే సూపర్‌ఫ్లూయిడ్‌గా మారిన హీలియంలోకి, విద్యుత్తుతో ఉత్తేజపరిచిన నైట్రోజన్ పంపాం. అది మంచుపొడిలా గడ్డకట్టి, తనలో దాచుకున్న విద్యుదావేశాన్నీ వెలుగునూ వేడెక్కేటప్పుడు వదలాలి. హీలియం తరిగిపోతోంది, వెలుగు మాత్రం లేదు. హీలియం పాత్రకున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూస్తున్న టెక్నీషియన్ అప్పలరాజు గారిని, ఏమైనా మెరిసిందా అని పదిసార్లు అడిగాను.

"ఏటమ్మా ఆ కంగారు? కూకోండి," అన్నారు.

కూర్చోలేకపోయాను. హీలియం పూర్తిగా ఆవిరైపోయింది. "అంతా అయిపోయిందండీ," అంటూ ఏడుపు ఆపుకుని వెళ్లి ట్యూబ్‌లైటు వేసేశాను.

అప్పుడే, నైట్రోజన్ వదిలే ఆవేశాన్ని కొలిచే కరెంటు మీటరు ముల్లు ఎగిసిపడింది.

"ఓలమ్మో! ఆకుపచ్చగా మెరిసినాది! లైటెందుకేసీసినారమ్మా?" అని అరిచారాయన.

అసలు మెరుపు హీలియం పోయాకే వస్తుందని నేను చదివినదే. ఆ కంగారులో గుర్తు రాలేదు. కంప్యూటర్‌లో కరెంటు గీత నిలువునా లేచింది. వెలుగును కొలిచే గీత నిండా మాత్రం నా ట్యూబ్‌లైటే! మా గైడు ముందు తలెత్తలేకపోయాను. చీకట్లో ఇంకొక్క నిమిషం కూర్చోవడం చేతకాక నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

మళ్లీ హీలియం వచ్చిన రోజు అప్పలరాజు గారు అద్దం దగ్గర నన్ను కూర్చోబెట్టి, తాను వెళ్లి స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డారు.