నూకరాజు నాన్న ఏరిన కాగితాలు

దయ్యాలూ మహిమలూ నేను నమ్మను. ఇది చదివాక మీరూ నమ్మనక్కర్లేదు.

తొంభైల చివర్లో విశాఖలో ఫిజిక్స్ రీసెర్చ్ చేసేదాన్ని. నాతోపాటు నూకరాజు. వాళ్లది ఫిషింగ్ హార్బర్ దగ్గర వేటకెళ్లే కుటుంబం. కిటికీలోంచి సముద్రం, ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఫ్యాను, ఇద్దరికీ ఒకే కంప్యూటర్. ఆ గది గుర్తొస్తే ఇప్పటికీ అక్కడికి పోవాలనిపిస్తుంది.

విదేశంలో ఒక గని అడుగున పెద్ద నీళ్ల ట్యాంకు ఉండేది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినో అనే కంటికి కనబడని కణం ఎప్పుడో ఒకటి ఆ నీళ్లలో చిన్న మెరుపు పుట్టిస్తుంది. చిక్కేమిటంటే, చుట్టూ రాతిలో ఉండే రేడియోధార్మికత వల్ల కూడా అచ్చం అలాంటి మెరుపులే వస్తాయి. వాటిని వేరు చేయడమే మా పని. సూర్యుడున్న వైపు నుంచి సాగిన మెరుపైతే సూర్యుడిదయ్యే అవకాశం ఎక్కువ.

మా పద్ధతిని పరీక్షించడానికి మా గైడు సార్ కొన్ని మెరుపుల్ని చుక్కల బొమ్మలుగా ప్రింటు తీయించి, తేదీ, టైము దాచేశారు. అవి తెలియకపోతే ఆ క్షణాన సూర్యుడు ఎటున్నాడో ఎవరూ చెప్పలేరు.

ఒక మధ్యాహ్నం నూకరాజు వాళ్ల నాన్న వచ్చారు. బోటు మీద మనిషి తక్కువయ్యాడని కొడుకును తీసుకుపోవడానికి.

"మూడేళ్ల నుంచీ ఈ సుక్కల కాయితాలతో ఏటి సేత్తన్నావురా?"

నూకరాజు తల వంచుకునే అంతా చెప్పాడు. పెద్దాయన కాగితాలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటే చూసి, ఓ ఇరవై పక్కన పెట్టారు.

"ఇయ్యి పొద్దువి."

సాయంత్రం సార్ టైములు బయటపెట్టారు. పెద్దాయన ఏరిన వాటిలో రెండు తప్ప అన్నీ సూర్యుడి వైపు నుంచి వచ్చినవే. నూకరాజు ఆ కాగితాల్ని మళ్లీ మొదట్నుంచి సరిచూశాడు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మర్నాడు ఇంకో కట్ట పట్టుకుని హార్బర్‌కి వెళ్లాను. అవి మేం కంప్యూటర్లో కల్పించినవి, సూర్యుడిది ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. వల బాగుచేస్తున్న పెద్దాయన చేతులు తుడుచుకుని అన్నీ తిరగేశారు.

"ఇందల ఒక్కటీ నేదమ్మా."

"ఎలా తెలిసింది బాబాయ్?"

"ఏటోనమ్మా, నాకూ తెల్దు." మళ్లీ వల అందుకున్నారు. "ఆడ్ని అక్కడే ఉండమను. బోటుకి నాను ఇంకొకడ్ని సూసుకుంటాను."

నూకరాజు థీసిస్ పూర్తయింది. అందులో ఈ సంగతి రాయలేదు. ఏ పద్ధతని రాస్తాం? పెద్దాయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నేను పాఠం చెబుతాను. ఒక్క మెరుపును చూసి అది సూర్యుడిదో కాదో ఎవరూ తేల్చలేరని చెప్పే చోట, ప్రతి ఏడూ ఒక్క క్షణం ఆగిపోతాను.