చెప్పులున్న గట్టువాళ్ళు

మా తోడల్లుడు రికార్డుల ఆఫీసులో పెద్ద గుమాస్తా. అదే ఆఫీసులో నేను చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తాను. ఇద్దరం ఒకే పరీక్ష రాశాం. నాకే నాలుగు మార్కులు ఎక్కువ. కానీ ఆయన గట్టువాళ్ళ జాబితా, నేను పల్లపువాళ్ళ జాబితా. పిల్లనివ్వడానికి అడ్డురాని జాబితా కుర్చీ దగ్గర అడ్డొచ్చింది. పోనీ చెడ్డవాడా అంటే కాదు. నాకు జ్వరమొస్తే నా పని కూడా తనే చేసిపెడతాడు. అదే నాకు ఒళ్ళుమంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఆ జాబితాలు వందేళ్ళనాడు బయటి దొరలు రాయించినవి. మంచి ఉద్యోగాలన్నీ గట్టువాళ్ళకే. వాటిని రద్దు చేస్తామని ఒక ప్రభుత్వం వస్తుంది, వీధుల్లో తలలు పగులుతాయి, కాపాడతామని ఇంకోటి వస్తుంది. ఒక్కటీ నిండా రెండేళ్ళు నిలవలేదు. చివరికి విచారణ సంఘం వేసి, అసలు రిజిస్టరు తెమ్మన్నారు. ముట్టుకుంటే పొడిరాలే ఆ పుస్తకం కుట్టుకోసం నా బల్లమీదికి వచ్చింది.

అందులో ఒక గడి చూసి నోరు తెరిచాను. చెప్పులు ఉన్నవి, లేవు. పేరు రాయించుకోవడానికి చెప్పులతో వచ్చినవాడు గట్టువాడు, వట్టికాళ్ళతో వచ్చినవాడు పల్లపువాడు. అంతకంటే విచారించే తీరిక దొరల గుమాస్తాకు లేదు కాబోలు. నాలుగు పేజీల తర్వాత ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఇద్దరు అన్నదమ్ములు. ఇంటికి ఒక్క జతే ఉండి ఉంటుంది. అది వేసుకొచ్చిన పెద్దవాడు మా తోడల్లుడి ముత్తాత. రెండోవాడు మా ముత్తాత.

పిలిచి చూపించాను. ఆయన చదివి, స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుండిపోయాడు.

"మనం ఒక్క ఇంటివాళ్ళమా తమ్ముడూ" అని నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి ఆయనకు. నా చూపు మాత్రం ఆయన చేతి గడియారం మీదే ఉంది.

కాసేపటికి తేరుకుని గొంతు తగ్గించాడు.

"ఈ పేజీ సంఘంవాళ్ళు చూస్తే నిన్ను నా జాబితాలోకి ఎక్కించరు. నన్ను నీ జాబితాలోకి దించుతారు. నా ఉద్యోగం పోతుంది, నీకేమీ రాదు."

"నాకది చాలన్నయ్యా" అన్నాను.

మర్నాడు విచారణ సంఘం ముందు ఆ పేజీ నేనే తెరిచిపెట్టాను. ఇంటికొచ్చి మారు వడ్డించుకుని మరీ తిన్నాను. ఏమిటి విశేషమని మా ఆవిడ అడిగితే, రేపు మీ అక్కని అడుగు అన్నాను.