హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలు

బగ్దల్‌ల బీదర్ బస్సెక్కి, ఇత్తడి గిన్నె ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దమ్మ పక్కన కూసున్న. మర్నాడు హైదరాబాద్‌ల నేను మొదటిసారి విమానం ఎక్కాలె.

"యాడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఢిల్లీకి. విమానంల."

"ఎంత దూరం?"

"పన్నెండు వందల కిలోమీటర్ల పైనే. రెండు గంటల్ల పోతదట."

ఆమె గిన్నె మూత తట్టి నవ్వింది. "పాలల్ల తోడేసి నా బిడ్డ ఇంటికి తీస్కపోతున్న. రెండు గంటల్ల ఇవి సుత తోడుకోవు. గంతలనే దిగిపోతవ్!"

నాకూ నవ్వొచ్చింది. బీదర్‌ల దిగేటప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకొని, "భయపడకు. కిటికీ పక్కన కూసొని మంచిగ కిందికి సూడు" అన్నది.

మర్నాడు విమానంల అట్లనే కూసున్న. మబ్బుల మీద ఎండ చూసుకుంట హాయిగా పోయిన.

నాకు భయమైతాందని ఆమెకు నేను చెప్పనే లేదు.