ఎక్కడి నుంచైనా చేసే ఉద్యోగం

మా తమ్ముడు పులిగుండు అనే జంట బండల కొండ మీద నుంచి వీడియో కాల్ చేసినప్పుడు నేను చట్నీకి మిరపకాయలు వేయిస్తున్నాను. ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి చూశాను. వాడి వెనకాల ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. గాలి నిలబడనివ్వడం లేదని, పక్క గుండు చెయ్యి చాస్తే అందేలా ఉందని ఏవేవో చెప్పాడు. బాగుందిరా అన్నాను, జాగ్రత్త అన్నాను. పెట్టేసి చూస్తే మిరపకాయలు నల్లగా మాడి ఉన్నాయి. సగం పొయ్యి మంటకు మాడితే సగం నా కడుపుమంటకు మాడాయని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఆ దారి నాది. మలుపు మలుపూ నేను వేసుకున్న దారి.

మా ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలే. వాడిది బెంగళూరు కంపెనీ, నాది చెన్నై కంపెనీ. ఇద్దరమూ నగరిలో మా ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు వేళ్ళు అరగదీసుకునేవాళ్ళం. ఇంటి ముందు భాగమంతా మా నాయన మగ్గాల షెడ్డు. కరెంటు మగ్గాలు తిరుగుతున్నంత సేపూ పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. తమ్ముడికి మీటింగు ఉంటే షెడ్డు గుమ్మంలో నిలబడి చెయ్యెత్తేవాడు, నాయన మగ్గాలు ఆపేవాడు. నాకు మీటింగు ఉంటే వెనక గదిలోకి పోయి, నూలు మూటల మధ్య ముడుచుకుని, తలుపు సందులో పాత చీర దోపుకునేదాన్ని. అలా పొమ్మని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే పోయేదాన్ని. చాలాకాలం అందులో ఏ తేడా కూడా నాకు కనపడలేదు.

ఇంటికి పాత కారు ఒకటి వచ్చినప్పుడు ఇద్దరమూ పుత్తూరు పోయి డ్రైవింగ్ నేర్చుకున్నాం. లైసెన్సు ముందు నాకే వచ్చింది. వాడు రివర్సు తియ్యడంలో తప్పి మళ్ళీ పోవలసి వచ్చింది. ఈ సంగతి ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

అప్పటి నుంచి నా తలలో ఒకటే తిరుగుతూ ఉండేది. ఒక్క వారం, కారులో, ఒక్కదాన్నే. తెల్లారేసరికి ఏదో ఒక కొండ ఎక్కాలి. పని మొదలయ్యే వేళకు దిగి లాడ్జిలోనో టీ కొట్టులోనో ల్యాప్‌టాప్ తెరవాలి. సాయంత్రం మూసేసి తర్వాతి ఊరికి బండి నడపాలి. తిరుపతి మీదుగా పాకాల, అక్కడి నుంచి పెనుమూరు దగ్గర పులిగుండు, పలమనేరు వైపు కైగల్ జలపాతం, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్, తిరిగి వచ్చేటప్పుడు తలకోన. ఏ ఊళ్ళో సిగ్నల్ నిలుస్తుంది, ఏ లాడ్జిలో కరెంటు పోతే జనరేటర్ ఉంది, అన్నీ ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఒక్కదాన్నే అనగానే గదుల్లేవన్న లాడ్జీలు కొన్ని ఉన్నాయి. వాటి పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి, తిట్టుకోవడానికి. మొత్తం తమ్ముడికి చెప్తే నోరు తెరుచుకుని విన్నాడు.

అన్నాల దగ్గర మాట కదిపాను. నాయన ముద్ద కలుపుతూనే తేల్చేశాడు. "ఇంట్లో కూర్సోని సేసే ఉద్యోగం గదా పాపా, ఇంట్లో కూర్సోనే సెయ్యి" అన్నాడు. ఒక్కదానివే యాడికి పోతావు, ఎవురన్నా అడిగితే ఏం సెప్పేది అని అమ్మ అంది. నేను కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాను. అంతకంటే ఏం చేయాలో అప్పుడు నాకు తెలియలేదు.

నెల తిరక్కముందే అదే అన్నాల దగ్గర తమ్ముడు అదే మాట కదిపాడు. అవే ఊళ్ళు, అదే వరస. నాయన ముద్ద కలుపుతూనే, "యాడ నించైనా సేసే ఉద్యోగం గదా, పోయి రా" అన్నాడు. అమ్మ మర్నాడే మురుకులు మొదలుపెట్టింది. ఆ పిండి కలిపింది నేను. కలుపుతున్నంతసేపూ ఆ రెండు మాటలే నమిలాను. ఉద్యోగం ఒకటే, ల్యాప్‌టాప్ ఒకటే, ఆఖరికి కరెంటు బిల్లు కూడా ఒకటే. వాడికి వచ్చేసరికి అది ఎక్కడి నుంచైనా చేసే ఉద్యోగం. నాకు వచ్చేసరికి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం.

ఆ వారమంతా వాడి ఫోన్లే. కైగల్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఒకటి, హార్సిలీ హిల్స్ మంచులో టీ గ్లాసు పట్టుకుని ఒకటి. మధ్యలో దారి తప్పితే మళ్ళీ నాకే. ఎడమకు తిరగాలా అక్కా, కుడికా అక్కా అని. నేను నూలు మూటల మధ్య కూర్చుని, కళ్ళు మూసుకుని, నేనెన్నడూ చూడని సందుల్లో వాడికి దారి చెప్పాను. ఒకసారి తప్పు చెప్తే ఏమవుతుందా అనిపించింది. చెప్పలేదు, కానీ అనిపించింది. నాయన మగ్గాలు ఆపి మరీ పనివాళ్ళకు ఆ వీడియోలు చూపించేవాడు, మావాడు కొండ మీద కూడా పని ఇడిసిపెట్టలేదు సూడండప్పా అని. అదే వారం నేను మీటింగులో మాట్లాడుతుంటే గ్యాసు బండ వచ్చిందని అమ్మ తలుపు బాదింది. కంపెనీవాళ్ళను ఒక్క నిమిషం ఆగమని చెప్పి పోయి, ఖాళీ బండ నేనే దొర్లించుకొచ్చాను. ఇంట్లోనే ఉన్నాను కదా మరి.

వాడు తిరిగొచ్చేసరికి ముక్కు ఎండకు కమిలి ఉంది. మనిషిలో కొత్త ధీమా ఒకటి కనపడింది, దాన్ని చూస్తే ఒళ్ళు మండింది నాకు. తలకోన నుంచి నాకోసం తేనె సీసా తెచ్చాడు. మంచివాడు మా తమ్ముడు, ఆ విషయంలో వాడిని ఒక్క మాట అనడానికి లేదు. అదే నా బాధ. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇంత మంచివాడి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం చాలా కష్టమైన పని, అయినా పోసుకున్నాను.

ఆ ఆదివారం మళ్ళీ అన్నాల దగ్గరే చెప్పాను. ఈసారి అడగలేదు. రేపు పోతున్నాను, కారు నేను తీసుకుంటున్నాను, శనివారానికి వస్తాను అన్నాను. నాయన నోరు తెరిచేలోపు తమ్ముడు, "పోనీలే నాయనా, దారంతా నేను సూసొచ్చినా, బాగనే ఉండాది" అన్నాడు. నాయన మెత్తబడ్డాడు. నా దారికి నా తమ్ముడు పూచీ పడవలసి వచ్చిందని అప్పుడు కూడా నాకు మండింది, కానీ ఆ మంటను దాచుకుని ఊరుకున్నాను. అమ్మ మాత్రం మాట్లాడలేదు. వద్దనలేదు, సరేననలేదు. మురుకులు వత్తలేదు. తెల్లారి నేను కారు తీస్తుంటే నీళ్ళు చల్లుతూ ఉన్న మనిషి తలెత్తి చూడలేదు.

తిరుపతి దాటేదాకా నా చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయి ఉన్నాయి. బస్సులకూ ఆటోలకూ జాగా ఇస్తూ, వెనక నుంచి హారన్ కొట్టిన ప్రతివాడికీ అద్దంలోనే సమాధానం చెప్తూ పోయాను. పాకాల దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పోతున్నంతసేపూ కిటికీ దించి కూర్చున్నాను. ఎవరూ పిలవడం లేదు. ఎవరికీ ఏదీ అందించే పని లేదు. గేటు లేచి, వెనకవాళ్ళు అరిచేదాకా నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పులిగుండు ఎక్కాను. బండ మీద అరికాళ్ళు జారాయి, కొన్నిచోట్ల చేతులతో పాకాను, సగం దారిలో ఈ పిచ్చి నాకెందుకని కూర్చుండిపోయాను కూడా. పైకి చేరేసరికి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది, అనుకున్నదాని కంటే ముందుగా. నీడ చూసుకుని, వీపు సంచిలో మోసుకొచ్చిన ల్యాప్‌టాప్ తెరిచాను. మాట్లాడవలసిందంతా మాట్లాడాను. ఒక్కసారీ మైకు ఆపుకోలేదు. నీ గొంతు ఇంత పెద్దదని ఇన్నేళ్ళూ తెలియదే అని అవతల ఒకామె నవ్వింది. నాకూ తెలియదు. ఆ పూట ఎవరిని చూసీ నాకు అసూయ కలగలేదు. అది ఎంత హాయిగా ఉంటుందో చెప్తే నమ్మరు.

వారమంతా సాయంత్రాలు ఇంటికి ఫోన్ చేశాను. నాయన పెట్రోలు గురించీ టైర్ల గురించీ అడిగేవాడు. తమ్ముడు నేనెక్కిన చోటే తానూ ఎక్కానని చెప్పుకునేవాడు. అమ్మను పిలవమంటే పనిలో ఉందనేవాళ్ళు. రోజూ పనిలోనే ఉంది.

శనివారం ఇల్లు చేరాను. అమ్మ అన్నం పెట్టింది, గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది. వీధిలో ఎవరో ఏదో అని ఉంటారు, ఆడపిల్ల ఒక్కతే ఊళ్ళు తిరిగిందని అమ్మకు తలకొట్టేసినట్టయి ఉంటుంది అనుకున్నాను. దానికి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కైగల్ నుంచి మదనపల్లె దాకా కారులో గట్టిగా పలికి చూసుకున్న జవాబులు. మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. అమ్మ షెడ్డులో ఒక మూల కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుడుతూ ఉంది. పోయి ఎదురుగా కూర్చుని, నా మీద కోపమెందుకు, నేనేం తప్పు చేశానని అడిగాను.

అమ్మ చేతిలో కండె నిండేదాకా రాట్నం ఆపలేదు.

"కోపమెవురికి పాపా" అంది. "కుళ్ళు. నిన్ను సూస్తే కుళ్ళుగా ఉండాది నాకు."

అమ్మ నిండిన కండె తీసి బుట్టలో వేసింది.

"నీ తమ్ముడు పోయినప్పుడు నాకేమీ అనిపించలేదు. మొగోడు, పోతాడులే అనుకున్నా. నువ్వు పోయినాక అన్నం దిగలేదు నాకు. ఆడది కూడా పోవచ్చునంట, పోయి రావచ్చునంట, ఏమీ కాదంట. మరి నేనెందుకు పోలేదు? మా ఊర్లో వాకిలి ఊడుస్తా తలెత్తితే ఆ గుండ్లే కనపడతాయి. పెండ్లయి ఈడికి వచ్చేదాంకా దినామూ సూసినా."

అమ్మ పుట్టిల్లు పెనుమూరు పక్కనే. అది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిపాను. కానీ అన్ని ఊళ్ళకు ఫోన్లు చేసి, అన్ని కొండల గురించీ వాకబు చేసిన నాకు, ఇంట్లో ఉన్న ఈ మనిషిని ఒక్క మాట అడగాలని తట్టలేదు. సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. ఫోన్ తీశాను. పులిగుండు పైనుంచి అమ్మ వాళ్ళ ఊరు కనపడితే, ఇళ్ళు, చెరువు, మామిడి తోటలు, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాను. అవి వెతుకుతుంటే అమ్మ చెయ్యి చాచి ఫోన్‌ను నా ఒళ్ళో బోర్లా పెట్టింది.

"అవి మాత్రం నాకు సూపియ్యొద్దు" అంది.