రోజుకు రెండుసార్లు చచ్చే పాము

టూరింగు టాకీసులో ఆపరేటరుగా ఉన్నన్నాళ్ళూ లెక్కలేనన్ని బొమ్మలు ఆడించాను. జనం చప్పట్లు కొట్టినవీ, కళ్ళు తుడుచుకున్నవీ ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కదాని కథ కూడా ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. మొదటి నుంచి చివరి దాకా గుర్తున్నదల్లా ఒక పనికిమాలిన పాము బొమ్మ. ఆ పది పన్నెండు రోజులు అది నన్ను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు.

సాగర్ డ్యాం పనులు జోరుగా సాగుతున్న రోజులవి. మాచర్ల ఊరి చివర ఖాళీ స్థలంలో మా డేరా వేశాం. చీకటి పడగానే మొదటి ఆట, అది వదలగానే రెండో ఆట. డ్యాం పనివాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, మిరపకాయ కోతలకు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు మా జనం. డేరా వెనక రేకుల కేబిన్లో ఒకే ఒక మిషను, దాని పక్కన నేను. ఎండలు ముదురుతుండగా బెజవాడ నుంచి బస్సు టాపు మీద ఆ బొమ్మ డబ్బాలు దిగాయి.

అంత చవకరకం బొమ్మను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎక్కడో అరవదేశంలో తీసి తెలుగు మాటలు అతికించారు. కొండ గుహలో ఒక మహాసర్పం, లారీ టైరంత లావు. ఊళ్ళోవాళ్ళను ఒక్కొక్కరినే మింగుతూ ఉంటుంది. ఆ పామును టార్పాలిను గుడ్డతో కుట్టారని మొదటి రోజే కనిపెట్టాను. అది నోరు తెరిచినప్పుడు లోపల ఎవరిదో మోచెయ్యి కనబడుతుంది. పాకేటప్పుడు పొట్ట కింద రెండు పాదాలు కూడా కనబడతాయి. కళ్ళేమో రెండు బల్బులు, అందులో ఒకటి సగం కథలోనే మాడిపోయింది. అయినా ఏం లాభం? అది బుస కొట్టగానే నేల టిక్కెట్టు ఆడవాళ్ళు కెవ్వున అరిచి ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు. ఆఖరి రీలులో హీరో బల్లెం తీసుకుని గుహలోకి వెళ్ళి దాని కంట్లో పొడుస్తాడు. అది కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. వెంటనే పెళ్ళి, శుభం.

ఇందులో నాకేం బాధ అంటారా? నా భార్యకు అప్పుడు ఎనిమిదో నెల.

మా వైపు ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే ఆమె భర్త పామును చంపడు, ఆ పాపం కడుపులో బిడ్డకు తగులుతుందని. కోడిని కూడా వేరేవాళ్ళ చేత కోయించుకుంటాడు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పే సంగతి కాదు, పుట్టిన దగ్గర్నుంచి వింటూ పెరిగేదే. నాకు తెలిసి కూడా నేను తప్పాను. రెండేళ్ళ కిందట మా డేరా సత్తెనపల్లి దగ్గర ఉండగా, ఆట మధ్యలో ఆడవాళ్ళలోకి నాగుపాము వచ్చింది. జనం పిల్లల్ని ఎత్తుకుని చెల్లాచెదురయ్యారు. మా ఓనరు "కొట్టరా, కొట్టరా" అని అరిచాడు. కేబిన్లోంచి ఇనపకడ్డీ పట్టుకుని దూకి కొట్టాను. అందరూ భుజం తట్టారు. అప్పుడు నా భార్యకు తొలిచూలు, ఆరో నెల. మూడు నెలలకు మగపిల్లవాడు పుట్టాడు గాని ఏడవలేదు. మా అత్త వాణ్ణి గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఒక్క మాట అనలేదు. నా భార్య కూడా అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. రెండేళ్ళు ఆ ఇంట్లో అన్ని మాటలూ నడిచాయి, ఆ ఒక్కటి తప్ప.

ఇప్పుడు మళ్ళీ కడుపు పండింది. కాన్పుకు తోడుగా మా అత్త వచ్చి ఉంది. డేరాకు కూతవేటు దూరంలో నాపరాళ్ళ కప్పు వేసిన ఒంటిగది మా ఇల్లు. బొమ్మ పడిన మూడో రోజు అన్నం పెడుతూ నా భార్య అడిగింది.

"ఏమయ్యా, నువ్వు రోజూ పామును చంపుతున్నావంటగా?"

నీళ్ళ దగ్గర ఎవరో చెప్పారట. నాకు నవ్వొచ్చింది. "చంపేది హీరో గదే. అదీ పాము కాదు, టార్పాలిను."

"మిషను తిప్పేదెవురు?"

"నేనే."

"నువ్వు తిప్పకపోతే అది చచ్చిద్దా?"

వెలుగూ నీడా తప్ప అక్కడేమీ లేదని చెప్పాను. కోపం తెచ్చుకుని అరిచాను కూడా. ఆమె వినీ విననట్టు కూర్చుంది. మా అత్త మాత్రం గోడవైపు తిరిగి, "రోజుకు రెండుసార్లంట" అంది, నాతో కాదు, గోడతో.

ఆ రోజు నుంచి నా భార్య తిండి తగ్గింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేది. రెండు ఆటలు వదిలి నేను ఇంటికొచ్చేదాకా మేలుకుని ఉండేది. తలుపు తియ్యగానే నా మొహం చూడదు, చేతులు చూస్తుంది. నేను నమ్ముతానా అంటే, నమ్మను. కాని ఆఖరి రీలు ఎక్కించేటప్పుడు పట్టిన ఫిలిం మళ్ళీ జారిపోయేది. ఇంటర్వెల్లు గంట కొట్టగానే కాలు కాలిన పిల్లిలా ఇంటికి పరిగెత్తి, కిటికీలోంచి ఆమెను చూసి, మళ్ళీ పరిగెత్తుకొచ్చేవాణ్ణి. బీడీ ముట్టించి రెండు దమ్ములకే పారేసేవాణ్ణి. నా మీద నాకే అసహ్యం వేసేది.

ఇక పట్టలేక ఒక మధ్యాహ్నం ఆఖరి రీలు విప్పాను. బల్లెం పట్టుకుని హీరో గుహలోకి అడుగుపెట్టే చోట బ్లేడుతో కోశాను. పాము చావు మొత్తం, ఇరవై బారలకు పైనే ఉంటుంది, తీసి పక్కన పెట్టి, మిగిలిన కొసను పెళ్ళికి అంటించాను. ఇంటికెళ్ళి, "ఇవాళ్టి నుంచి చావదే" అని చెప్పాను. నాలుగైదు రోజుల తర్వాత ఆమె కడుపు నిండా అన్నం తిన్నది. నా కడుపు నిండింది.

మొదటి ఆటకే నా పని బయటపడింది. తెర మీద హీరో చీకటి గుహలోకి వెళ్ళాడు. మరుక్షణం మెడలో పూలదండ వేసుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు. నేల మీంచి ఒక గొంతు లేచింది.

"ఒరేయ్, పామేదిరా?"

ఇక చూడండి. బెంచీలు విరిగాయి. మట్టిబెడ్డలు కేబిను రేకుల మీద దడదడా పడ్డాయి. మర్నాడు ఊళ్ళో అదే మాట. అది ఇంకా బతికే ఉందని కొందరు, కావాలనే వదిలిపెట్టారని కొందరు. కోతలకెళ్ళే ఒక పెద్దావిడ దారిలో నన్ను ఆపి, "నాయనా, ఇంతకీ అదెటు పోయినట్టు? తెల్లారకముందే చేల్లోకి పోయేవాళ్ళం మేము, కాస్త చెప్పు" అని నిజంగానే అడిగింది.

మా ఓనరు నరసరావుపేట మనిషి. అరవై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. డేరాయే సంసారం. కోపం వస్తే గొంతు డేరా గుంజలు కదిలించేది. కేబిన్లోకి వచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిరా నువ్వు చేసింది? పాము బొమ్మలో పాము చావకపోతే జనం ఊరుకుంటారంట్రా? ఏమొచ్చింది నీకు?"

చెప్పాను. మొదట కోపంగా, తర్వాత మెల్లగా, అన్నీ చెప్పాను. ఆయన చొక్కా వదిలేసి ఫిలిం డబ్బా మీద కూర్చున్నాడు.

"ఆ రోజు కొట్టమంది నేనే గదరా" అన్నాడు.

రెండేళ్ళుగా ఆయన కూడా ఆ మాటను మోస్తున్నాడని నాకు తెలియదు. కోసిన ముక్కను మళ్ళీ అతికించమన్నాడు. అతికించాను. మరి మిషను ఎవరు తిప్పాలి? గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతన్ని పిలిచి అడిగితే, "మా ఇంటిదానిగ్గూడా మూడో నెలన్నా, ఇంకా ఎవురికీ చెప్పలా" అని జారుకున్నాడు. కరెంటు ఇంజను చూసే అతను అసలు పామన్న మాట వినగానే దండం పెట్టాడు.

"పోండ్రా" అన్నాడు ఓనరు. "నాకు పెళ్ళామా, పిల్లలా? నేను చంపుతా."

ఆ రోజు నుంచి ఆఖరి రీలు ఎక్కించి నేను బయటకొచ్చి నిలబడేవాణ్ణి. ఆయన పంచె ఎగ్గట్టుకుని లోపలికెళ్ళి స్విచ్చి వేసేవాడు. లోపల పాము చచ్చేది, జనం ఈలలు వేసేవాళ్ళు. ఆయన చెమటలు కక్కుతూ బయటకొచ్చి, "అయిపోయిందిరా, పో" అనేవాడు. ఆ బొమ్మ ఉన్నన్ని రోజులూ రోజుకు రెండుసార్లు ఆయనే చంపాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆయన కాళ్ళ మీద పడాలనిపించేది.

బొమ్మ మారింది. డబ్బాలు బస్సెక్కించి వచ్చిన రోజు హాయిగా నిద్రపోయాను. మూడో రోజు మధ్యాహ్నం నేను అన్నం తింటున్నాను. మా అత్త బట్టలు ఉతకడానికి వెళ్ళింది. నా భార్య గోడవార చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. గోడ రాళ్ళ సందులోంచి నాగుపాము బయటకొచ్చింది. ఈసారిది టార్పాలిను కాదు. చాప కొస దగ్గరికి వచ్చి ఆగింది.

చప్పుడు చెయ్యకుండా లేచి మూలనున్న కర్ర అందుకున్నాను. ఎత్తాను. పాము నా వైపు తిరిగి పడగ విప్పింది. ఒక్క దెబ్బ చాలు, సత్తెనపల్లిలో ఒక్క దెబ్బకే పడింది. కాని ఎత్తిన కర్ర దిగలేదు. నా కళ్ళకు పాము కనబడలేదు, గుడ్డలో చుట్టిన ఆ బిడ్డ కనబడ్డాడు.

నా భార్య కళ్ళు తెరిచింది. పామును చూసింది, నన్ను చూసింది. గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి, పక్కనే ఆనించి ఉన్న రోకలి తీసుకుంది. నేను నోరు తెరిచేలోగా దాని నడుము మీద వేసింది. మళ్ళీ తల మీద వేసింది. అంతే. రోకలి అక్కడే వదిలేసి చాప మీద కూలబడింది.

"అమ్మకు చెప్పబాక" అంది.

దాన్ని గోనెలో వేసుకుని ఊరి బయట పుల్లలు పేర్చి, నోట్లో రాగి కాసు పెట్టి, పాలు పోసి కాల్చాను. తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అలాగే కూర్చుని ఉంది. పక్కన కూర్చోబోయి కూర్చోలేక, నిలబడే అడిగాను.

"ఎందుకు కొట్టావే? నేను కొట్టేవాణ్ణి గదా."

"నువ్వు కొడితే, ఏదన్నా అయితే మళ్ళా నిన్నే అనుకోవాల. ఇంకోసారి నావల్ల గాదయ్యా. ఈసారి ఏదన్నా అయితే నన్ను నేనే అనుకుంటా."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు పట్టుకున్న దిగులు చెప్పేది కాదు. రెండేళ్ళు ఆమె మనసులో తప్పు నాదేనని అనుకుంటూనే ఉందని తేలిపోయింది. నొప్పి అక్కడ కాదు. ఇప్పుడా బరువు తన మీదికి తీసుకుంది, అదీ తొమ్మిదో నెల రాబోతుండగా. రోజూ ఆమె పొట్ట వైపు చూసేవాణ్ణి, బిడ్డ కదిలిందా అని అడిగేవాణ్ణి. కదిలిందంటే అబద్ధమేమో అనిపించేది. అడిగీ అడిగీ విసిగించాను. ఒకసారి ఆటలో మూడో రీలు ముందు, రెండో రీలు తర్వాత ఎక్కించాను. ఓనరు తిట్టలేదు.

ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసానిని పిలుచుకొచ్చి నేను గుమ్మం బయట నిలబడ్డాను. కబురు తెలిసి ఓనరు డేరాలోంచి ఒక మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చి నా పక్కన వేసుకున్నాడు. "కూర్చోరా" అన్నాడు. కూర్చోలేదు. ఆ గుమ్మానికీ ఎదుటి గోడకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో! ఎండ నడినెత్తికి వచ్చింది. లోపల నా భార్య మూలుగు ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. పోయినసారీ ఇలాగే ఆగింది. ఓనరు లేచి నిలబడ్డాడు.

తర్వాత ఏడుపు వినబడింది. పిల్లి పిల్ల అరిచినంత సన్నగా మొదలై, ఇల్లెగిరిపోయేంతగా పెరిగింది. మా అత్త తలుపు తీసి, "ఆడపిల్ల" అంది. నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపలికెళ్ళాను. నా భార్య మొహమంతా చెమట, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. అక్కడ తన తల్లి ఉందని కూడా చూడలేదు, మంత్రసాని ఉందని చూడలేదు.

"పామును చంపింది నేనేగా? కడుపులో పెట్టుకునే చంపా. ఇది బతికింది" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "మరి అప్పటిది నీవల్ల కాదయ్యా."

ఏడ్చాను. అందరి ముందూ, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె బిడ్డను నా వైపు జరిపింది. నేల మీద చతికిలబడి కూర్చుని, ఒళ్ళోకి తీసుకున్నాను.