దుప్పటి కింద వెలిగిన కంప్యూటర్

పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకునే నాలాంటివారు ఒక్కరైనా జాగ్రత్తపడతారని ఇది రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాల నూలు దుమ్ము లోపలికి పోకుండా, కంప్యూటర్ ఆపగానే దాని మీద మందపాటి దుప్పటి కప్పుతాం. ఆ అలవాటు చేసింది నేనే. ఒకరోజు కరీంనగర్ గ్రంథాలయంలో కూర్చుని, పుస్తకంలో చదివిన పద్ధతిలో ఫోన్ నుంచే ఇంటి కంప్యూటర్‌ను ఆన్ చేశాను. పక్కవాళ్లకు చూపించి మురిసిపోయాను. గంట గడిచాక దుప్పటి గుర్తొచ్చింది; దాని కింద గాలాడక కంప్యూటర్ కాలిపోవచ్చు. ఆపడం ఎలాగో చెప్పే పేజీలు నేనింకా చదవనేలేదు.

రాత్రి పని చేసొచ్చిన మా బాపు, అంటే నాన్న, కంప్యూటర్ ఉన్న గదిలోనే నిద్రపోతున్నాడు. మగ్గాల మోతకు ఆయన చెవులు మందగించాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. పక్కింటి రాజవ్వ చిన్నమ్మకు చేశాను.

"చిన్నమ్మా, జర మా ఇంటికి ఉరుకు! కంప్యూటర్ మీది దుప్పటి తియ్యి!"

"కరీంనగర్ల కూసోని ఇంట్ల దుప్పటి తియ్యమంటవేందే, పిచ్చి లేసిందా?" అంటూనే పరుగెత్తింది. మరుక్షణం, "లోపల గడియ ఉన్నదే! పొగ వస్తుంది!" అని ఆమె అరుపు. ఆమె భర్త వెంకటేశం చిన్నాయన తలుపు విరగ్గొట్టి, కరెంటు ఆపి, బాపును బయటికి తెచ్చాడు.

కాసేపటికి ఫోన్‌లో బాపు దగ్గుతూ, "ఏడ్వకు బిడ్డా, మంచిగనే ఉన్న. గా డబ్బాను ఆపుడు గూడ నేర్చుకో" అన్నాడు.

నేర్చుకున్నాను. అయినా దుప్పటి తీశారా అని ఇంట్లో అడిగాకే ఇప్పటికీ ఆన్ చేస్తాను. రాజవ్వ చిన్నమ్మకు, వెంకటేశం చిన్నాయనకు, ఆ రోజు నన్ను ఇంటికి బస్సెక్కించిన గ్రంథాలయ ఉద్యోగి సత్తయ్య సారుకు దండాలు.